మతి మరచిన వృద్ధుడు – మూసిన తలుపు

వార్ధక్యము ఎవరికిని తప్పనిది. కన్ను మందగించును, చెవి వినిపించదు, మోకాలు సహకరింపదు. వీనినన్నిటిని వృద్ధులు ఓర్చుకొందురు, ఇంటివారును ఓర్చుకొందురు. కాని మతి తప్పి, కాళ్ళలో మాత్రము సత్తువ నిలిచియున్న వృద్ధుని విషయమున అందరి ఓర్పునకును గొప్ప పరీక్ష ఏర్పడుచున్నది. ఆయన లేచును, నడచును, గడప దాటును. ఎక్కడికని అడిగిన చెప్పలేడు. చెప్పినను, ఆ చెప్పిన ఊరు ఏబది ఏండ్ల క్రిందటి ఊరై యుండును. తిరిగి వచ్చు త్రోవ ఎరుగడు. అట్టివానిని కాపాడుటకై తలుపునకు తాళము వేయవచ్చునా? కుర్చీకి కట్టివేయవచ్చునా? మందు ఇచ్చి మత్తులో ఉంచవచ్చునా? ఒకవేళ ఆయన గడప దాటి ప్రమాదమునకు లోనైనచో ఆ దోషము ఎవరిది? ఈ ప్రశ్నలు వైద్యులకు సంబంధించినవని తోచును గాని, నిజమునకు ధర్మమునకు సంబంధించినవి. వీనిని గూర్చి మన కుటుంబములలో నెమ్మదిగా ఆలోచింపవలసిన కాలము వచ్చినది.

ఈ స్థితికి వైద్యులు పెట్టిన పేరు డిమెన్షియా. ఇందులో ఎక్కువగా కనబడు ఆల్జ్‌హైమర్ వ్యాధిని జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జ్‌హైమర్ 1906లో తొలిసారి వైద్యుల సభలో వివరించెను. అప్పటినుండి నేటివరకు తేలిన సత్యము ఒక్కటే: ఇది మెదడునకు కలుగు వ్యాధి. మన ఇండ్లలో ‘చాదస్తము’ అని విసుగుకొను మాటలలో, ‘మొండితనము’ అని కోపించు చేష్టలలో పెక్కు ఈ వ్యాధి లక్షణములే. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నట్లు 2023లో ప్రచురితమైన ఒక జాతీయ పరిశీలన అంచనా వేసినది. కావున ఇది ఎక్కడనో ఎవరికో వచ్చు అరుదైన జబ్బు కాదు.

ఇచ్చట ఒక మాటను స్పష్టము చేయవలసి యున్నది. మన పట్టణములలో నర్సింగు హోమనగా ప్రసవములకు, శస్త్రచికిత్సలకు పోవు చిన్న ఆసుపత్రి. అమెరికా మొదలగు దేశములలో ఆ పేరు, స్వయముగా తమ పనులు చేసికొనలేని వృద్ధులు తుదివరకు నివసించు సంరక్షణాలయమునకు చెల్లును. అట్టి ఆలయములలో వందలకొలది వృద్ధులను ఏండ్ల తరబడి గమనించుట వలన, మతి మరచినవారి తిరుగాటను గూర్చిన జ్ఞానము చాలవరకు అక్కడినుండియే లభించినది. ఆ జ్ఞానమును ముందుగా తెలిసికొని పిమ్మట ధర్మవిచారమునకు వత్తము.

కారణము లేని నడక కలదా?

సామాన్యముగా చూచువారికి ఈ నడక అర్థరహితముగా కనబడును. ‘ఊరక తిరుగుచున్నాడు’ అందురు. కాని పరిశోధకులు చెప్పిన మాట వేరు. 1978లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో తిరుగాడు వృద్ధులను మూడు విధములుగా గుర్తించిరి. కొందరు దేనినో, ఎవరినో వెదకుచు తిరుగుదురు. కొందరు ఏదో పని చేయవలెనను తపనతో తిరుగుదురు. కొందరి నడకలో మాత్రమే ఉద్దేశము పైకి గోచరింపదు. ఈ నడకకు వెనుకనున్న సంగతులుగా ఆ పరిశీలకులు మూడింటిని చెప్పిరి: కష్టము వచ్చినప్పుడు జీవితమంతయు ఆ మనిషి తనను తాను ఎట్లు ఊరడించుకొనెడివాడు అనునది ఒకటి, పూర్వము ఆయన చేసిన వృత్తి రెండవది, భద్రమైన చోటును, మనుష్యులను వెదకుట మూడవది.

ఈ రెండవ సంగతిని మనవారు తేలికగా గ్రహింపగలరు. కాయకమునకు ఉన్నత స్థానమిచ్చిన సమాజము మనది. నలువది ఏండ్లు ప్రతి ఉదయము అంగడి తలుపులు తీసిన వర్తకునికి, వేకువనే పొలము గట్టున నడచిన రైతునకు, బడి గంటకు ముందే బయలుదేరిన ఉపాధ్యాయునికి ఆ పని ఎప్పుడు ముగిసినదో మనసునకు తెలియకపోయినను, ఆ వేళ కాగానే పాదములకు తెలియును. మనసు మరచిన దానిని దేహము మరువదు. అట్టి వృద్ధుడు ఉదయము ఆరు గంటలకు తలుపు వద్ద నిలిచి గొళ్ళెము లాగుచుండిన, ఆయన ఎక్కడికో పారిపోవుటకు చూచుచున్నాడనుకొనుట మన పొరపాటు. ఆయన పనికి పోవుచున్నాడు.

2000 సంవత్సరమున అమెరికా సంరక్షణాలయములలోని వారి వివరములను పరిశీలించి వెలువరించిన మరియొక అధ్యయనము, తిరుగాటతో కూడియుండు లక్షణములను వరుసగా తేల్చినది. జ్ఞాపకశక్తి బాగుగా దెబ్బతినుట, అడిగినదే మరల మరల అడుగుట, ఊపిరితిత్తులకు న్యుమోనియా సోకుట, మలబద్ధకము, దుఃఖమునో నొప్పినో వ్యక్తము చేయుట, మనసును శాంతింపజేయుటకై ఇచ్చు కొన్ని మందులు – ఇవి ఉన్నవారిలో ఈ అలవాటు హెచ్చుగా కనబడినది. స్త్రీలలోను, దేహశక్తి బాగుగా ఉడిగినవారిలోను తక్కువగా కనబడినది. ఒకటి ఉన్నచోట రెండవది ఉన్నంత మాత్రమున మొదటిదే కారణమని చెప్పరాదు. అయినను ఈ జాబితాను పాఠకులు మరల ఒకసారి చదువవలెనని మా కోరిక. ఇందులో సగము బాధలే. నొప్పి, మలబద్ధకము, దుఃఖము! కడుపు ఉబ్బరించి బాధపడుచు, ఆ బాధను మాటలలో చెప్పుకొనలేని మనిషి ఏమి చేయును? లేచి తిరుగును. పసిబిడ్డ ఏడ్చినప్పుడు తల్లి ఆకలియో, కడుపు నొప్పియో అని వెదకును. ముదుసలి నడచినప్పుడు మనము తాళము చెవి వెదకుచున్నాము.

ఈ భావమునే 1996లో అమెరికాలోని కొందరు నర్సింగు శాస్త్ర పరిశోధకులు ఒక సిద్ధాంతముగా రూపొందించిరి. డిమెన్షియా గలవారి తిరుగాట, అరపు, పెనుగులాట మున్నగునవి చికాకు కలిగించు దుష్ప్రవర్తనలు కావనియు, తీరని ఒక అవసరమునకు వారికి మిగిలియున్న ఏకైక భాష అనియు ఆ సిద్ధాంత సారము. ఆకలి, దప్పిక, మూత్ర విసర్జనకు చోటు దొరకకపోవుట, ఏమియు తోచకపోవుట, గదిలోని వెలుతురు, చప్పుడు, క్రొత్త పరిసరములు, ప్రొద్దు వాలు వేళ హెచ్చగు అలజడి – ఇవియన్నియు ఆ భాషలోని పదములు. ఆ భాష నేర్చినవాడు తలుపు మూయుటకు ముందు, ఆ వృద్ధుడు ఏ వేళ లేచుచున్నాడు, ఏ దిక్కునకు పోవుచున్నాడు, పోవుటకు ముందు ఏమి జరిగినది అని నాలుగు దినములు గమనించును. పలుమారు ఆయన వెదకునది మరుగుదొడ్డి అని తేలును. దాని తలుపు కనబడునట్లుంచి లోపల దీపము వెలిగించిన చాలును. ఆ రాత్రి తిరుగాట చాలవరకు ఆగును.

ఇల్లు మారుట మరియొక పెద్ద కారణము. తెలిసిన ఇంటిలో చీకటిలోనైనను చేయి తడుముకొనుచు తిరుగగల వృద్ధుడు, క్రొత్త చోట పట్టపగలు దారి తప్పును. నేడు మన తెలుగువారిలో పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడి తల్లిదండ్రులను తమ వద్దకు రప్పించుకొనుట, ఆరు నెలలు ఒక కుమారుని ఇంట, ఆరు నెలలు మరియొకరి ఇంట ఉంచుట సామాన్యమైనది. పంచుకొనుట ప్రేమతోనే జరుగవచ్చును. కాని మతి తప్పుచున్న మనిషికి ప్రతి మార్పు ఒక ప్రవాసము. ‘ఇంటికి పోదాము’ అని ఆ తల్లి సాయంకాలము మూట కట్టుకొనిన, ‘ఇదే నీ ఇల్లు గదా’ అని ఎన్నిమార్లు చెప్పినను ఆమెకు నమ్మకము కలుగదు. ఆమె అడుగుచున్నది తాను భయము లేక ఉండిన చోటును.

కట్టు త్రాడు, మత్తు మందు

ఇట్టి నడకను ఆపుటకు లోకము కనిపెట్టిన ఉపాయములు రెండు. ఒకటి త్రాడు, రెండవది మందు. కొలది తరముల క్రిందట అమెరికా సంరక్షణాలయములలో వృద్ధులను కుర్చీలకు, మంచములకు పట్టీలతో కట్టి ఉంచుట సాధారణముగా సాగెను. క్షేమము కొరకే అని దానికి సమర్థన. ఫలితము వేరుగా ఉండెను. కదలనీయని కండరములు సన్నగిల్లెను, ఒంటికి పుండ్లు పడెను, పెనుగులాడుటలో గాయములయ్యెను, పట్టీలు మెడకు చుట్టుకొని మరణించినవారును కలరు. 1986లో ఒక ప్రముఖ వైద్యసంస్థ ఈ ఆలయముల దుఃస్థితిని గూర్చి నివేదిక వెలువరింపగా, 1987లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసినది. శిక్షించుటకు గాని, పరిచారకుల సౌకర్యమునకు గాని వృద్ధుని త్రాటితోనో మందుతోనో కట్టివేయరాదనునది ఆ చట్టములోని ముఖ్యాంశము. ‘సౌకర్యమునకు’ అను మాట గమనింపదగినది. క్షేమము పేరిట మనము చేయు పనులలో ఎన్ని మన సౌకర్యము కొరకు చేయుచున్నామో ఆ ఒక్క మాట ప్రశ్నించుచున్నది.

జపానులో 2000 సంవత్సరము ఏప్రిలు నెలలో వృద్ధుల సంరక్షణకై క్రొత్త బీమా పద్ధతి అమలులోనికి రాగా, సంరక్షణాలయములలో కట్టివేతను సూత్రప్రాయముగా నిషేధించిరి. మరుసటి ఏట వెలువడిన ప్రభుత్వ మార్గదర్శక గ్రంథము నిషిద్ధ కార్యములను ఒకటొకటిగా పేర్కొనినది. తిరుగకుండుటకై మనిషిని కుర్చీకో మంచమునకో త్రాళ్ళతో కట్టుట అందులో మొట్టమొదటిది. తనంత తాను తెరవలేని గదిలో బంధించుటయు అందులోనే చేరినది. తప్పని పరిస్థితిలో మాత్రము మూడు నియమములు విధించిరి: ప్రాణాపాయము ఆసన్నమై యుండవలెను, వేరు మార్గము లేకుండవలెను, అది తాత్కాలికమై యుండవలెను. మూడును కూడియున్నప్పుడే అనుమతి. మన దేశమునను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మానసిక వైద్యాలయములలో కట్టివేతను శిక్షగా ఉపయోగింపరాదని, ఆసన్నమైన హానిని ఆపుటకు వేరు మార్గము లేనప్పుడే, వైద్యుని అనుమతితోనే చేయవలెనని శాసించినది. కాని మన ఇంటి వెనుక గదికి వచ్చి చూచు అధికారి ఎవరు? అచ్చట మన అంతరాత్మయే అధికారి.

ఇక మందు సంగతి. మనసును శాంతింపజేయు కొన్ని బలమైన మందులు డిమెన్షియా గల వృద్ధులలో మరణమును హెచ్చించుచున్నవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో తీవ్రమైన హెచ్చరికను జారీచేసినది. అంతియే కాదు. ఈ జాతి మందులకు ఒక దుష్ఫలితము కలదు: మనిషి ఒకచోట కుదురుగా కూర్చుండలేక కాళ్ళు ఊరక కదలింపవలెనను లోపలి తహతహకు లోనగును. అనగా నడకను ఆపుటకు ఇచ్చిన మందే నడకను హెచ్చించవచ్చును. అప్పుడు తెలియనివారు మోతాదు ఇంకను పెంచుదురు! వైద్యుడు ఆలోచించి అవసరమని ఇచ్చిన మందును మేము నిందించుట లేదు. రాత్రి తమకు నిద్ర పట్టుటకై తాతగారికి మాత్ర వేయు అలవాటును గూర్చియే చెప్పుచున్నాము.

పూర్వపక్షము

ఇచ్చట కొందరు న్యాయముగానే అడుగుదురు: ‘ఇది చెప్పుటకు బాగుగనే యున్నది. చంటిబిడ్డ బావి వైపు పోవుచుండిన పట్టుకొనమా? తలుపు గడియ వేయమా? మతి లేని వృద్ధుడు బిడ్డతో సమానుడే గదా!’

ఈ పోలికలో కొంత సత్యము కలదు, కాని ముఖ్యమైన భేదము విడిచిపెట్టబడినది. బిడ్డను నేడు ఆపుట రేపటి స్వాతంత్ర్యము కొరకు. ఇప్పుడు బావి వద్దకు పోనీయని బిడ్డ పదేండ్లకు ఈత నేర్చి ఆ బావిలోనే దుముకును. మనము దాచిపెట్టినది ఆ బిడ్డకు వడ్డీతో తిరిగి అందును. వృద్ధుని విషయమున అట్లు కాదు. ఆయననుండి నేడు తీసికొనిన నడక రేపు తిరిగి ఈయబడదు. నెల దినములు కూర్చుండబెట్టిన కాళ్ళు మరల నిలువవు. మాట పోయినది, పేర్లు పోయినవి, తన వయస్సే తనకు తెలియదు. తన ఇచ్ఛతో తాను చేయగల కార్యము ఒక్క నడకయే మిగిలినది. దానిని ఏ భవిష్యత్తు కొరకు మనము దాచుచున్నాము? మరియొక భేదము: బిడ్డ ఇంకను జీవితమును నిర్మించుకొనలేదు. ఈయన నిర్మించుకొని, మనలను నిలిపి, అలసిన మనిషి. ఆయనకు బుద్ధి తగ్గినదని గౌరవము తగ్గదు.

స్థావర జంగమములను పదములను నిత్యము పలుకువారము మనము. కదలునది జంగమము. జంగమమునకు ఇంటి తలుపు తెరచి ఆహ్వానించు సంప్రదాయము గలవారము, ఇంటిలోని వృద్ధుడు కదలుటను మాత్రము దోషముగా ఎంచుట తగదు.

అట్లని ప్రమాదము లేదని చెప్పుట అసత్యమగును. పడి తుంటి ఎముక విరుగవచ్చును. ఎడతెగక నడచువారు తిన్నది చాలక చిక్కిపోవుదురు. రోడ్డు మీద వాహనములు కలవు. ఎండదెబ్బ కలదు, చలి కలదు. జపానులో డిమెన్షియా కారణముగా కనబడకుండ పోయిరని పోలీసులకు అందిన ఫిర్యాదులు 2012లో 9,607 కాగా, 2023 నాటికి 19,039 అయినవి. అందులో ఎక్కువమంది దొరకుదురు. కొందరు ప్రాణములతో దొరకరు. తెరచిన తలుపునకు వెల కలదు. ఆ వెల చెల్లించువారెవరు అనునదియే ఇక మిగిలిన ప్రశ్న.

ఓబు పట్టణపు వ్యాజ్యము

ఈ ప్రశ్న జపాను దేశమున న్యాయస్థానమునకే పోయినది. 2007 డిసెంబరు 7వ తేదీన ఐచి రాష్ట్రములోని ఓబు పట్టణమున 91 ఏండ్ల వృద్ధుడొకడు ఇల్లు విడిచి బయటికి పోయెను. ఆయనకు డిమెన్షియా ముదిరియుండెను. సంరక్షణాలయమునకు పంపుటను గూర్చి కుటుంబమువారు చర్చించుకొని, ఇంటిలోనే చూచుకొనుటకు నిశ్చయించిరి. పెద్దకోడలు ఆ పనికై దూరపు నగరమునుండి వచ్చి సమీపమున కాపురముండెను. ఆ సాయంకాలము కోడలు వేరొక పనిలో నుండగా, 85 ఏండ్ల భార్య కొలది నిమిషములు కునుకు తీసెను. ఆ కొలది నిమిషములలో ఆయన తలుపు దాటెను. ఒక స్టేషను దూరము రైలులో పోయి, అచ్చట పట్టాల మీదికి దిగి, రైలు క్రింద పడి మరణించెను.

రైళ్ళు ఆలస్యమైనందుకు నష్టపరిహారముగా రైల్వే సంస్థ ఆ కుటుంబముపై సుమారు 72 లక్షల యెన్లకు దావా వేసెను. 2013లో నగోయా జిల్లా న్యాయస్థానము భార్యయు, పెద్దకుమారుడును మొత్తము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. ఇంటి ద్వారమునకు అమర్చిన గంట పనిచేయకుండ ఆపివేసిరనుట కూడ లెక్కకు వచ్చినది. 2014లో ఉన్నత న్యాయస్థానము కుమారుని విడిచి, భార్యయే సుమారు 36 లక్షలు చెల్లింపవలెననెను. అనగా, భర్తను ఏండ్ల తరబడి సేవించిన ఆ వృద్ధురాలు, తానే ఇతరుల సహాయము కావలసిన స్థితిలో నుండి, ఒక కునుకు తీసినందుకు దోషి అయ్యెను! ఆ తీర్పు విని ఆ దేశములోని ఎన్నో ఇండ్లు వణకినవి. ఈ లెక్కన తాళము వేయనివారందరును అపరాధులే గదా. ఇంటిలో పెట్టుకొని సేవ చేయుటకంటె చేయకుండుటయే క్షేమము గదా!

2016 మార్చి 1వ తేదీన జపాను సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. భార్య అయినంత మాత్రమున, కుమారుడైనంత మాత్రమున కాపలా బాధ్యత చట్టరీత్యా తలపై పడదనియు, వారు నిజముగా ఆపగల స్థితిలో నుండిరా అని అన్ని పరిస్థితులను కలిపి చూడవలెననియు చెప్పి, ఆ కుటుంబము ఏమియు చెల్లింపనక్కరలేదని తేల్చెను.

ఈ తీర్పులో గొప్ప నీతి ఇమిడియున్నది. శక్తికి మించిన దానిని ధర్మమని ఎవరిపైనను మోపరాదు. రేయింబవళ్ళు రెప్ప వేయక మరియొక మనిషిని కాచుట ఏ ఒక్కరికిని సాధ్యము కాదు. మన ఇండ్లలో ఈ భారము ఎవరిపై పడుచున్నదో అందరికిని తెలిసినదే. కుమారుడు ఉద్యోగమునకు పోవును. మామగారిని కనిపెట్టి చూచునది కోడలు. ఆయన నాలుగు దినములు క్షేమముగా నుండిన ఆమెను మెచ్చుకొనువారుండరు. ఒక్క దినము వీధిలోకి పోయిన ‘నీవేమి చేయుచుంటివి?’ అని అందరును అడుగుదురు. ఈ ప్రశ్నయే ఆమె చేతికి తాళమును అందించుచున్నది. మనము నింద వేయుచున్నంత కాలము తలుపులు మూసికొనియే యుండును. కావున వృద్ధుని స్వేచ్ఛయు, సేవించువారి శాంతియు ఒకదానికొకటి శత్రువులు కావు. రెండును కలిసియే నిలుచును, కలిసియే కూలును.

ఊరే కాపలా

అయితే ఆ భారము ఎచ్చటికి పోవలెను? దానిని ఊరంతయు పంచుకొనవలెను. ఇది కేవలము ఆదర్శము కాదనుటకు నిదర్శనములు కలవు. జపానులోని ఓముత పట్టణము ఒకప్పుడు బొగ్గు గనులతో వర్ధిల్లినది. 1997లో గని మూతపడగా పట్టణములో వృద్ధుల పాలు పెరిగెను. అచ్చటివారు 2004 నుండి ఒక అభ్యాసమును నడపుచు వచ్చిరి. ఒకరు దారి తప్పిన వృద్ధుని వలె వీధులలో తిరుగుదురు. ఆ వార్త పోలీసులకు, తపాలా వారికి, టాక్సీ నడుపువారికి, అంగళ్ళకు చేరును. బడిపిల్లలు మొదలుకొని పెద్దల వరకు ఆ మనిషిని గుర్తించి, ఎదురుగా నిలిచి, నెమ్మదిగా పలుకరించుటను నేర్చుకొందురు. తిరుగాటను రూపుమాపుట వారి లక్ష్యము కాదు. నిర్భయముగా తిరుగగల ఊరిని నిర్మించుటయే లక్ష్యము. పిమ్మట 2015లో, గమ్యము లేక తిరుగుట అను అర్థము గల పాత మాటను ఆ అభ్యాసపు పేరునుండియే తొలగించిరి, వారి నడకకు గమ్యము కలదని తెలిసినందున. కోబె నగరమువారు 2019లో ప్రతి పౌరుని పన్నునకు ఏడాదికి 400 యెన్లు చేర్చి, డిమెన్షియా గలవారి వలన కలిగిన ప్రమాదములకు పరిహారము చెల్లించు పద్ధతిని ఏర్పరచిరి. ఒక ఇంటిని కూల్చు భారము ఊరంతయు పంచుకొనిన కొలది నాణెములైనది.

నెదర్లాండ్సులో వేస్ప్ అను ఊరివద్ద 2009లో హోగెవేక్ అను సంరక్షణాలయమును తెరచిరి. అందులో ఆరేడుగురు కలిసి నివసించు చిన్న ఇండ్లు, వీధులు, తోటలు, అంగడి, భోజనశాల కలవు. బయటి ద్వారము ఒక్కటి మాత్రము కాపలాలో నుండును. లోపల ఎవరు ఎక్కడికైనను నడువవచ్చును. వారు తాళమును పూర్తిగా తీసివేయలేదు. దానిని గది తలుపునుండి ఊరి పొలిమేరకు జరిపిరి. ఆ దూరమే వారు వృద్ధులకు ఇచ్చిన జీవితము. జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ నగరమున ఒక వృద్ధాలయమువారు ద్వారము ముందు బస్సులు ఆగని ఒక బస్సు స్టాపు ఏర్పాటుచేసిరి. ఇంటికి పోవలెనని బయలుదేరినవారు అచ్చట కూర్చుందురు. పరిచారిక వచ్చి ప్రక్కన కూర్చుండి మాట కలుపును. కొంతసేపటికి ఇద్దరును లోపలికి వత్తురు. ఇది మోసము గదా అని కొందరు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. బస్సు స్టాపు మాత్రమే ఉండి ప్రక్కన కూర్చుండువారు లేకపోయిన అది మోసమే. ప్రక్కన కూర్చుండి, ‘ఇంటిలో ఎవరెవరుందురు?’ అని అడిగి వినువారు ఉన్నప్పుడు అందులో కరుణయే సత్యము.

మనము చేయవలసినది

మన దేశమున 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము పోషణమనగా ఆహారము, వస్త్రము, నివాసము, వైద్యము అని పేర్కొనినది. చట్టము అంతవరకే చెప్పగలదు. అన్నము పెట్టి, బట్ట ఇచ్చి, మందు పోసి, గదిలో మూసియుంచినవాడు చట్టము దృష్టిలో తప్పించుకొనవచ్చును గాని ధర్మము దృష్టిలో తప్పించుకొనలేడు.

కావున తలుపు మూయుటకు ముందు ప్రతివారును తమను తాము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఆయన దేనికై నడచుచున్నాడో తెలిసికొనుటకు నేను యత్నించితినా? ఈ తాళము ఆయన ప్రాణము కొరకా, నా సౌకర్యము కొరకా, లోకుల నిందకు భయపడియా? దీనికంటె తక్కువ కట్టడి గల మార్గము కలదా? ఈ మూడింటికి నిజముగా సమాధానము చెప్పుకొనిన పిదప, రాత్రి వేళ వీధి తలుపునకు గడియ వేయవలసి వచ్చిన వేయవచ్చును. అందులో పాపము లేదు. పగలు దానికి బదులుగా ఒకరు ఆయనతో కూడ నడువవలెను. ఉదయము అరగంట, సాయంకాలము అరగంట చేయి పట్టుకొని వీధి చివరి వరకు తిప్పి తెచ్చిన ఆయన నిద్రయు, ఇంటివారి నిద్రయు బాగుపడును. జేబులో పేరు, ఫోను నంబరు గల చీటీ ఉంచవలెను. జాడ తెలుపు పరికరములు నేడు దొరకుచున్నవి. వ్యాధి ఆరంభదశలోనే, ఆయనకు తెలివి యుండగనే చెప్పి, సమ్మతి తీసికొని వాడుట మేలు. అన్నిటికంటె ముఖ్యముగా, వ్యాధిని దాచరాదు. పరువు పోవునని దాచిన ఇంటికి ఇరుగుపొరుగువారి కన్నులు తోడురావు. పాలవానికి, మందుల అంగడివానికి, ఆటో నడుపువానికి, అపార్టుమెంటు వాచ్‌మనుకు ‘మా తాతగారు ఇట్లు వచ్చిన కూర్చుండబెట్టి మాకు కబురు పెట్టుడు’ అని చెప్పుట సిగ్గుపడవలసిన పని కాదు.

మఠములు ఈ విషయమున గొప్ప సాయము చేయగలవు. పండుగకు, పూజకు వచ్చిన కుటుంబములకు ఈ వ్యాధిని గూర్చి ఒక మాట చెప్పుట, మతి తప్పిన వృద్ధులు పగటివేళ కొంతసేపు నిర్భయముగా తిరుగుటకు మఠపు ఆవరణమును ఇచ్చుట, ఆ సమయమున కోడళ్ళకు, కూతుళ్ళకు విశ్రాంతి కలిగించుట – వీనికి పెద్ద ధనము అవసరము లేదు. అన్నము పెట్టుట దాసోహమైనట్లే, అలసిన సేవకురాలికి రెండు గంటల విశ్రాంతినిచ్చుటయు దాసోహమే.

వెనుకటి మన పల్లెలలో ప్రతి ఇంటికి అరుగుండెడిది. ముసలివారు అరుగుమీద కూర్చుండెడివారు. లేచి పోయినను నాలుగిండ్ల అవతల మరియొక అరుగుమీదివారు చేయి పట్టి కూర్చుండబెట్టెడివారు. అప్పటివారికి ఈ వ్యాధి పేరు తెలియదు, కాని దాని చికిత్సలో సగము వారి వీధిలోనే యుండెను. నేడు మనకు పేరు తెలిసినది, మందులు తెలిసినవి. వీధి మాత్రము పోయినది. తలుపునకు వేయు తాళమును గూర్చి ఆలోచించునంత శ్రద్ధగా ఆ వీధిని మరల కూర్చుకొనుటను గూర్చి మనము ఆలోచింతుము గాక.